మీ లాప్‌టాప్ తాళంచెవి ఎవరి దగ్గరుంది?

(గుంటూరులో టాక్స్ ప్రాక్టీషనర్లు, అకౌంటెంట్ల సమావేశంలో ఒక కంప్యూటర్ సర్వీసు నిపుణుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండీ.

బ్రాడీపేటలో ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. ఇక్కడున్న వాళ్లలో చాలామంది లాప్‌టాప్‌లు ఎప్పుడో ఒకప్పుడు నా బల్ల మీదికి వచ్చినవే. కాబట్టి పరిచయాలు వద్దు. ముందు ఒక పని చేసి చూపిస్తాను, మాటలు తర్వాత.

ఇది నా పాత లాప్‌టాప్. మేడమ్, ముందు వరసలో ఉన్నారు కదా, దీనికి మీకు నచ్చిన పాస్‌వర్డ్ ఒకటి పెట్టండి. నాకు చెప్పొద్దు, పక్కవాళ్లకీ చెప్పొద్దు. పెట్టారా? ఇప్పుడు పూర్తిగా ఆపేసి ఇటివ్వండి.

తిరగేస్తున్నాను. అడుగు మూతకి తొమ్మిది స్క్రూలు. మూత వచ్చేసింది. ఇదిగో, వేలెడంత పొడుగున్న ఈ సన్నటి పలకే ఎస్ఎస్‌డి. మీ లెక్కలు, ఫైళ్లు, ఫొటోలు అన్నీ ఉండేది ఇందులోనే. దీన్ని పట్టి ఉంచింది ఒకే ఒక్క స్క్రూ. తీశాను. నా దగ్గరున్న ఈ కేసులో పెట్టి, యూఎస్‌బీ వైరుతో ఇంకో లాప్‌టాప్‌కి తగిలిస్తున్నాను. వెనకవాళ్లకి తెర కనపడుతోందా? కొత్త డ్రైవ్ వచ్చింది. లోపల యూజర్స్ ఫోల్డర్ ఉంది. నొక్కితే, దీన్ని తెరిచే అనుమతి మీకు లేదు అంటోంది. బాగానే ఉంది. కానీ దాని కిందే కంటిన్యూ అని ఒక బటన్ ఉంది చూడండి. నొక్కాను. తెరుచుకుంది. డాక్యుమెంట్లు, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్‌లు అన్నీ వచ్చేశాయి.

మేడమ్ పెట్టిన పాస్‌వర్డ్ నాకు ఇప్పటికీ తెలియదు. దాని అవసరమే రాలేదు.

ఎందుకంటే ఆ పాస్‌వర్డ్ అడిగేది విండోస్. విండోస్ నడుస్తుంటేనే అడుగుతుంది. డ్రైవ్ తీసి ఇంకో మెషీన్‌కి పెడితే ఆ విండోస్ నిద్రలోనే ఉంటుంది, ఇక అడిగేవాడు ఎవరు? మీరు వీధి తలుపుకి తాళం వేశారు. నేను ఆ తలుపు జోలికే పోలేదు. పెరటి దారిన బీరువానే ఎత్తుకెళ్లాను. ఆ బీరువాకి తాళం లేదు.

బీరువాకి వేసే తాళం పేరే ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేనివాళ్లకి అర్థంకాకుండా డేటాని మార్చేయడం. విండోస్‌లో దాన్ని బిట్‌లాకర్ అంటారు. 2007లో విండోస్ విస్టాతో మనకి వచ్చింది. ఆపిల్ మాక్‌లో ఫైల్‌వాల్ట్ ఉంది. 2003లో మొదలైనప్పుడు అది యూజర్ ఫోల్డర్ వరకే తాళం వేసేది, 2011 నుంచి డ్రైవ్ మొత్తానికీ వేస్తోంది. లైనక్స్ వాడేవాళ్లకి లక్స్ ఉంది. ఏదీ విడిగా కొనాల్సిన పనిలేదు, మెషీన్‌తో పాటే వస్తాయి. మనలో ఎక్కువమంది విండోసే వాడతారు కాబట్టి దాని గురించే మాట్లాడతాను.

మీ లాప్‌టాప్‌లో ఏముంటుందో నాకు తెలుసు. తప్పుగా అనుకోకండి, బాగుచేసేటప్పుడు కళ్లబడతాయి. ఒక్కో క్లయింటుకి ఒక్కో ఫోల్డర్. అందులో పాన్, ఆధార్ స్కాన్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫారం 16లు, రిజిస్ట్రేషన్ దస్తావేజులు. పక్కనే ఒక ఎక్సెల్ షీటు. అందులో నూట యాభై మంది జీఎస్టీ యూజర్ ఐడీలు, పాస్‌వర్డ్‌లు. షీటు పేరు కూడా పాస్‌వర్డ్స్ అనే ఉంటుంది. ఆ లాప్‌టాప్ బస్సులో పోయిందనుకోండి, మీ ఒక్కరి వస్తువు పోయినట్టు కాదు. మిమ్మల్ని నమ్మి కాగితాలు చేతిలో పెట్టిన వాళ్లందరివీ పోయినట్టు. వాళ్లకి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

2006 మేలో అమెరికాలో ఒక దొంగతనం జరిగింది. మాజీ సైనికుల సంక్షేమం చూసే ప్రభుత్వ శాఖలో పనిచేసే ఉద్యోగి ఒకాయన, మేరీల్యాండ్‌లో ఉండేవాడు, ఆఫీసు డేటా ఇంటికి తీసుకెళ్లాడు. ఇంట్లో దొంగలు పడి లాప్‌టాప్‌నీ, ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌నీ పట్టుకుపోయారు. వాటిలో 2 కోట్ల 65 లక్షల మంది పేర్లు, పుట్టిన తేదీలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఉన్నాయి. ఎన్‌క్రిప్షన్ లేదు. నెల దాటాక వస్తువులు దొరికాయి, డేటా ఎవరూ తెరిచిన ఆనవాళ్లు లేవన్నారు. అయినా కోర్టు కేసులు నడిచి, 2009లో 2 కోట్ల డాలర్లు కట్టి రాజీ చేసుకోవాల్సి వచ్చింది. ఆ డ్రైవ్‌కి తాళం ఉండి ఉంటే పోయింది ఒక లాప్‌టాప్, ఒక డబ్బా అని రాసుకుని ఊరుకునేవాళ్లు.

మన దగ్గరా 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నిబంధనలు నోటిఫై అయ్యాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. తీసుకోవాల్సిన భద్రతా చర్యల్లో ఎన్‌క్రిప్షన్ పేరు పెట్టి మరీ ఉంది. జాగ్రత్త తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్లొచ్చు. చట్టాలు నాకంటే మీకే బాగా తెలుసు కాబట్టి అక్కడితో ఆపుతాను.

ఇప్పుడు రెండో డ్రైవ్ చూడండి. ఇది బిట్‌లాకర్ ఆన్ చేసి ఉన్న మెషీన్‌లోది. తగిలించాను. డ్రైవ్ బొమ్మ మీద చిన్న తాళం ఉంది. నొక్కితే రికవరీ కీ, అంటే ఈ తాళానికి అత్యవసరంలో వాడే చెవి, ఇమ్మంటోంది. కంటిన్యూ బటన్ లేదు. ఇక్కడితో నా పని అయిపోయింది. నా దగ్గర ఎన్ని పరికరాలున్నా, ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నా, ఆ కీ లేకపోతే ఇందులో ఒక్క ఫైలు కూడా బయటికి తీయలేను.

లోపల పనిచేసే లెక్క పేరు ఏఈఎస్. బెల్జియం దేశస్థులు ఇద్దరు, జోన్ డేమెన్, విన్సెంట్ రైమెన్, తయారుచేశారు. పోటీ పెట్టి, ప్రపంచంలోని నిపుణులందరి చేతా పరీక్ష చేయించి, 2001లో అమెరికా దాన్ని ప్రమాణంగా తీసుకుంది. మీ లాప్‌టాప్‌లో మామూలుగా వాడేది 128 బిట్ల కీ. అంటే ఎన్ని తాళంచెవులు సాధ్యమో చెప్పాలంటే 340 రాసి పక్కన 36 సున్నాలు పెట్టాలి. అన్నీ వరసగా ప్రయత్నించి చూద్దాం అనే మాటే ఉండదు. స్లో అవుతుందా అని చాలామంది అడుగుతారు. 2010 నుంచి ప్రాసెసర్లలోనే ఈ లెక్కకి ప్రత్యేకమైన ఏర్పాటు వస్తోంది. రిటర్న్స్, టాలీ లాంటి పనుల్లో తేడా మీకు తెలియదు.

మరి రోజూ తెరిచేటప్పుడు కీ అడగదు కదా, ఎలా తెరుచుకుంటోంది? మదర్‌బోర్డు మీదో, ప్రాసెసర్ లోపలో టీపీఎం అని ఒక చిప్ ఉంటుంది. విండోస్ 11కి అది తప్పనిసరి చేశారు. దాన్ని నమ్మకమైన కాపలాదారు అనుకోండి. పొద్దున మెషీన్ ఆన్ చేయగానే బయోస్, అంటే విండోస్ కంటే ముందు లేచే ప్రోగ్రామ్, నిన్నటిదేనా, విండోస్‌ని లేపే ప్రోగ్రామ్ నిన్నటిదేనా అని కొలతలు సరిచూస్తుంది. అన్నీ సరిపోతే తాళంచెవి తీసిస్తుంది. డ్రైవ్‌ని ఇంకో మెషీన్‌లో పెడితే అక్కడ ఈ కాపలాదారు ఉండడు, కాబట్టి తెరుచుకోదు. మెషీన్ అదే అయినా లోపల ఏదైనా మారితే కొత్త మొహం చూసినట్టు ఆగిపోతుంది. అప్పుడు నీలం రంగు తెర వచ్చి, 48 అంకెల రికవరీ కీ కొట్టమంటుంది.

ఇవాళ నేను ఇంత దూరం వచ్చింది ఆ నీలం తెర గురించి చెప్పడానికే.

ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. నరసరావుపేట వైపు, మీ వృత్తే. సెప్టెంబరు నెల, ఆడిట్ రిపోర్టుల ఒత్తిడి మీకు తెలియనిది కాదు. రాత్రి పనిచేసుకుంటుంటే లాప్‌టాప్ మీద టీ ఒలికింది. తెల్లారేసరికి మదర్‌బోర్డు పోయింది. విప్పి చూస్తే ఎస్ఎస్‌డి మీద చుక్క కూడా పడలేదు. బోర్డు పోతే పోయింది సార్, మీ ఫైళ్లు భద్రంగా ఉన్నాయి అని చెప్పాను. ఆయన మొహంలో వెలుగొచ్చింది. డ్రైవ్ తీసి నా మెషీన్‌కి తగిలించాను. తాళం బొమ్మ కనపడింది.

కీ ఏది సార్ అంటే, ఏం కీ అన్నారు. నేనసలు ఏ తాళమూ వేయలేదు బాబూ అన్నారు. ఆయన చెప్పింది నిజమే. ఆయన వేయలేదు. కొత్త లాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదటిసారి లాగిన్ అయినప్పుడు విండోసే ఆ తాళం వేసేసింది, రికవరీ కీని ఆ అకౌంట్‌లో దాచింది. అలాంటప్పుడు అకౌంట్ తెరిస్తే కీ దొరుకుతుంది. మీ మెయిల్ ఐడీ ఏంటి సార్ అని అడిగాను. ఆయన చెప్పిన ఐడీలో చూస్తే ఏ కీ లేదు. చివరికి తేలిందేమిటంటే, కొన్న రోజున షాపులో కుర్రాడు, మీరు కాసేపు కూర్చోండి సార్, నేను రెడీ చేసి ఇస్తాను అని, అప్పటికప్పుడు ఏదో కొత్త మెయిల్ ఐడీ సృష్టించి లాగిన్ చేశాడు. షాపుకి ఫోన్ చేశాం. ఆ కుర్రాడు మానేసి ఏడాదైంది. ఏ ఐడీ పెట్టాడో అతనికీ గుర్తులేదు.

ఎనిమిది రోజులు ఆ డ్రైవ్ నా బల్ల మీదే ఉంది. డేటా మొత్తం అందులోనే ఉంది, ఒక్క అక్షరం చెడలేదు. కానీ తెరవడానికి మార్గం లేదు. చివరికి ఆయన ఆ ఎస్ఎస్‌డిని చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. క్లయింట్ల ఇళ్లకి తిరిగి కాగితాలన్నీ మళ్లీ అడిగి తెచ్చుకున్నారట.

దొంగ చేతికి దొరక్కూడదని వేసిన తాళం, యజమానినే బయట నిలబెట్టింది. ఇలాంటివి ఈమధ్య ఎక్కువయ్యాయి. కారణం కూడా చెప్తాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది, అందరూ కొత్త మెషీన్లు కొంటున్నారు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి, ఇళ్లలో వాడే మామూలు రకం హోమ్ ఎడిషన్ అయినా సరే, కొత్త మెషీన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ కావడం మామూలైపోయింది. అది మంచి నిర్ణయమే అని నేనంటాను. కానీ తాళం వేశాం, చెవి ఫలానా చోట ఉంది అని యజమానికి గట్టిగా చెప్పకపోవడం మాత్రం తప్పు. షాపుల్లో మెషీన్ సెట్ చేసిచ్చే పిల్లలకి కూడా ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

పెద్ద కంపెనీలకీ ఈ అనుభవం అయింది. 2024 జులై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సంస్థ పంపిన ఒక తప్పు అప్‌డేట్‌తో ప్రపంచంలో 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి. శంషాబాద్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. బాగుచేసే పద్ధతి తేలిందే, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైలు తీసేయడం. కానీ బిట్‌లాకర్ ఉన్న మెషీన్ల దగ్గర ఒక్కోదానికీ 48 అంకెలు కొట్టాల్సి వచ్చింది. కీలు దాచిన సర్వర్ కూడా అదే దెబ్బకి పడిపోయిన చోట్ల ఎంత ఇబ్బంది పడి ఉంటారో ఊహించుకోండి. చెవులన్నీ ఒకే గూట్లో పెట్టి, ఆ గూటికీ తాళం పడితే అంతే.

ఇప్పుడు మీ మీ లాప్‌టాప్‌లు తెరవండి. తెచ్చుకోమని ముందే చెప్పాం కదా. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో డివైస్ ఎన్‌క్రిప్షన్. ప్రో ఎడిషన్ ఉన్నవాళ్లకి కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ అనే ఉంటుంది. ఆన్ అని ఉన్నవాళ్లు చేతులెత్తండి. అమ్మో, సగం పైనే. మీ అంతట మీరు ఆన్ చేసుకున్నవాళ్లు మాత్రమే ఎత్తి ఉంచండి. ముగ్గురు. మిగతా వాళ్లందరి బీరువాలకీ తాళం పడి ఉంది, చెవి ఎక్కడుందో ఇవాళే చూసుకోవాలి.

డ్రైవ్ మీద పసుపు రంగు గుర్తు కనపడుతోంది అంటున్నారు సార్. అంటే మీరు మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా వాడుతున్నారు. డేటా ఎన్‌క్రిప్ట్ అయింది కానీ తాళంచెవి తాళానికే వేలాడుతోంది. రక్షణ ఇంకా మొదలవలేదు. అది పూర్తి చేసుకోవాలి.

ఫోన్ బ్రౌజర్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లండి. డివైసెస్ కింద బిట్‌లాకర్ రికవరీ కీలు అని ఉంటుంది. ఒకటి కంటే ఎక్కువ కనపడితే కంగారు పడకండి, పాత మెషీన్‌వి కూడా అక్కడే ఉంటాయి. పక్కన కీ ఐడీ ఉంటుంది. నీలం తెర వచ్చినప్పుడు అదే ఐడీ చూపిస్తుంది, మొదటి ఎనిమిది అక్షరాలు కలిస్తే అదే మీ కీ. అకౌంట్‌లో ఏమీ లేకపోతే టెన్షన్ వద్దు. మెషీన్ ఇప్పుడు తెరిచే ఉంది కాబట్టి దాని నుంచే కీని బయటికి తీయొచ్చు. నీలం తెర వచ్చాక మాత్రం ఆ అవకాశం ఉండదు.

ఆ కీలో నాకు చాలా ఇష్టమైన విషయం ఒకటుంది. ఆరేసి అంకెలు, ఎనిమిది గుంపులు. ప్రతి గుంపూ 11తో శేషం లేకుండా భాగించబడుతుంది. ఉదాహరణకి 415327 అనుకోండి. బళ్లో నేర్చుకున్న భాజనీయతా సూత్రం గుర్తు తెచ్చుకోండి. ఒకటి విడిచి ఒకటి కూడితే 4, 5, 2 కలిపి 11. మిగిలినవి 1, 3, 7 కలిపి 11. తేడా సున్నా. సరైన గుంపే. ఇప్పుడు తొందరలో చివరి 7ని 1 అని రాశారనుకోండి. రెండో మొత్తం 5 అవుతుంది, తేడా 6. తప్పని తెలిసిపోయింది. ఒక్క అంకె తప్పు రాసినా, పక్కపక్క అంకెలు అటూ ఇటూ అయినా ఈ లెక్క పట్టేస్తుంది. లెక్కల మనుషులు మీరు, రాసుకున్నాక ఎనిమిది గుంపులూ ఇలా సరిచూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

ఎక్కడ దాచాలి? కాగితం మీద రాసి, దస్తావేజులు, బంగారం పెట్టే చోట పెట్టండి. ఇంకో కాపీ ఇంకో చోట, మీరు నమ్మే మనిషి దగ్గర. లాప్‌టాప్ బ్యాగ్‌లో మాత్రం పెట్టొద్దు, దొంగకి రెండూ కలిపి ఇచ్చినట్టు అవుతుంది. అకౌంట్‌లో ఉంచితే కంపెనీ దగ్గర కూడా ఉన్నట్టే కదా అని అడిగారు. అవును. చట్టప్రకారం ఆదేశం వస్తే కంపెనీ ఇవ్వగలదు. అది ఇష్టం లేనివాళ్లు కాగితం మీద భద్రం చేసుకున్నాకే అక్కడి నుంచి తీసేయాలి. నా సలహా అడిగితే, మన వృత్తుల్లో దొంగ భయం కంటే, కీ పోగొట్టుకునే ప్రమాదమే ఎక్కువ. రెండు చోట్లా ఉంచుకోండి.

బయోస్ అప్‌డేట్ చేసే ముందు బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయాలి. అంటే తాళం తీసేయడం కాదు, కాపలాదారుకి ముందే కబురు చెప్పడం. మెషీన్ రిపేరుకి ఇచ్చేటప్పుడు కీ మీ దగ్గర ఉందో లేదో చూసుకుని ఇవ్వండి. మదర్‌బోర్డు మారిస్తే నీలం తెర ఖాయం.

ఈ తాళం చేయలేని పనులు కూడా చెప్పాలి. మీరు లాగిన్ అయి కూర్చున్నంతసేపూ బీరువా తెరిచే ఉంటుంది. ఆ సమయంలో వైరస్ వచ్చినా, మెయిల్‌లో వచ్చిన దొంగ లింకు నొక్కినా బిట్‌లాకర్ ఏమీ చేయదు. స్లీప్‌లో పెట్టినప్పుడు కూడా తాళంచెవి మెమరీలోనే ఉంటుంది. 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు మెమరీ చిప్‌లని చల్లబరిచి, కరెంటు తీసేశాక కూడా వాటి నుంచి కీ రాబట్టి చూపించారు. ప్రయాణంలో మూత వేసి ఊరుకోకుండా పూర్తిగా షట్‌డౌన్ చేయడం మేలు. 2024లో ఒక పరిశోధకుడు పాత లాప్‌టాప్ ఒకటి విప్పి, విడిగా ఉన్న టీపీఎం చిప్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య తీగల మీద వెళ్లే కీని, చవక బోర్డు ఒకటి పెట్టి 43 సెకన్లలో పట్టుకున్నాడు. బస్టాండ్ దొంగకి ఆ తెలివి ఉండదు. కానీ పెద్ద పెద్ద క్లయింట్ల ఫైళ్లు ఉన్నవాళ్లు ప్రో ఎడిషన్ తీసుకుని, మొదట్లోనే అడిగే పిన్ ఒకటి పెట్టుకుంటే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

బ్యాకప్ వేరే సంగతి. తాళం ఉన్న డ్రైవ్ చెడిపోతే ఫైళ్లు తీయడం మామూలు డ్రైవ్ కంటే కష్టం. కాబట్టి ఇంకో కాపీ ఉండి తీరాలి. ఆ కాపీ ఉన్న డ్రైవ్‌కి కూడా తాళం ఉండాలి, లేకపోతే అమెరికాలో జరిగిందే జరుగుతుంది. హోమ్ ఎడిషన్ పెన్‌డ్రైవ్‌కి తాళం వేయలేదు, ప్రోలో వేసినదాన్ని తెరవగలదు.

పాతది అమ్మేటప్పుడు ఏం చేయాలని మేడమ్ అడిగారు. పాత సామాన్ల వాళ్ల దగ్గర కొన్న డ్రైవుల్లో ఎవరివో రిటర్న్స్, పెళ్లి ఫొటోలు నేను చూశాను. అన్నీ ఫార్మాట్ చేసి అమ్మినవే. చూసిన వెంటనే చెరిపేశాను, కానీ అందరూ చెరుపుతారని లేదు. ఎస్ఎస్‌డి అయితే మీరు చెరిపినా కొన్ని ముక్కలు లోపల మిగిలిపోవచ్చు. మొదటి రోజు నుంచీ ఎన్‌క్రిప్షన్ ఉంటే, అమ్మేరోజు రీసెట్ చేసి కీ పోగొడితే చాలు. మిగిలిందంతా ఎవరికీ అర్థంకాని అంకెల గుట్ట.

సరేనండీ. వెనక బల్ల మీద తెల్ల కాగితాలు, పెన్నులు పెట్టాను. అకౌంట్‌లో కీ కనపడినవాళ్లు చేత్తోనే రాసుకోండి, ఫొటో తీయొద్దు. కీ ఐడీ కూడా పైన రాయండి. రాశాక 11 లెక్క చేసుకోండి. కీ కనపడనివాళ్లు లాప్‌టాప్ ఆపకుండా, అలాగే తెరిచి, నా దగ్గరికి రండి.